ఏం ఇన్‌స్టాల్ చేయకుండ బ్రౌజర్లనే లిస్ప్ నడపొచ్చా? నడపొచ్చు తమ్మీ, ఎట్లనో చెప్త

నువ్వు అడిగింది మొత్తం చదివిన. పుట్టపాకల మీ నాయిన గ్రాఫ్ పేపర్ మీద ఇక్కత్ డిజైన్ గడి గడి నింపుతడు, దాన్ని నువ్వు కంప్యూటర్ల చేయాలనుకుంటున్నవ్, ఏదో వీడియోల లిస్ప్ (అన్ని బ్రాకెట్లల్ల రాసే ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాం నడుస్తుండంగనే దాన్ని మార్చుడు చూసినవ్ అది మస్తు నచ్చింది, ఇంట్లున్నది 4 జీబీ ర్యామ్ పాత లాప్‌టాప్, కాలేజీ ల్యాబ్‌ల అడ్మిన్ పాస్‌వర్డ్ ఇయ్యరు. అడిగినవి మూడు – బ్రౌజర్ల నడుస్తదా, ఏ లిస్ప్ పెట్టుకోవాలె, ఫోన్ల కూడ అయితదా. నేను నకిరేకల్ దిక్కోన్నే, క్లోజర్ అనే లిస్ప్ రకం మీదనే చానా ఏండ్ల నుంచి బతుకుతున్న, కాబట్టి నాకు ఆ పక్షపాతం ఉంటది, అది మనసుల పెట్టుకొని చదువు.

ముందుగాల ఒకటి. ఇక్కడ కింద చానా మంది "ఫలానా సైట్ ఓపెన్ చెయ్, అండ్ల టైప్ చేస్తే జవాబు వస్తది" అని రాస్తరు. తప్పేం కాదు గాని అది నీకు పనికి రాదు. అసొంటి సైట్ల ఒక డబ్బా ఉంటది, (+ 1 2 3) అని కొడితే 6 అని వస్తది, అంతటితోనే ఖతం. నువ్వు వీడియోల చూసింది వేరే. అక్కడ రెప్ల్ అనేది – అంటే నువ్వు కొట్టింది చదివి, లెక్కగట్టి, చూపించి, మళ్ల నీకోసం ఎదురుచూసే ఆ చక్రం – నీ సొంత పేజీ లోపలనే కూసుంటది. డిజైన్ గీసే పేజీ అదే, రెప్ల్ ఉన్న పేజీ అదే. ఒక ఫంక్షన్ మార్చి కొడితే పేజీ రిఫ్రెష్ కాకుండనే, అప్పటిదాక నింపిన గళ్లు పోకుండనే బొమ్మ మారుతది. లిస్ప్‌ల రుచి అంత గండ్లనే ఉంది, అది లేకపోతే జావాస్క్రిప్ట్ రాసుకున్నా ఒకటే. అందుకని ఏది ఎంచుకున్నా సరే "ఇది నా పేజీ లోపల ఉంటదా, బయట ఉంటదా" అని చూసి ఎంచుకో.

బ్రౌజర్‌కి లిస్ప్ పరాయిది కూడ కాదు. 1995ల నెట్‌స్కేప్ వాళ్లు బ్రెండన్ ఐక్‌ని పనిల పెట్టుకున్నప్పుడు బ్రౌజర్ల స్కీమ్ పెట్టియ్యాలనే పిలిచిన్రు, స్కీమ్ అంటే 1975ల వచ్చిన లిస్ప్ రకం. తర్వాత పైనోళ్లు జావా లెక్క కనిపించాలె అన్నరు, ఆయన పది రోజులల్ల జావాస్క్రిప్ట్ మొదటి రూపం చేసిచ్చిండు. ఫంక్షన్‌ని ఒక విలువ లెక్క చేతికిచ్చుడు, తీసుకునుడు అండ్ల ఉందంటే ఆ స్కీమ్ వాసనే. ఇగ అసలు లిస్ప్ అయితే 1958ల ఎంఐటీల జాన్ మెకార్తీ మొదలు పెట్టింది, ఆయన కాగితం మీద రాసుకున్న ఇవాల్ అనే, కోడ్ తీసుకొని లెక్కగట్టే ఫంక్షన్‌ని స్టీవ్ రస్సెల్ ఐబీఎం 704 మెషిన్ల నిజంగ నడిచేటట్టు చేసిండు. ఆ ఇవాల్ చిన్నది కాబట్టే దాన్ని ఎక్కడ పెట్టాలనుకుంటే అక్కడ పెట్టగలుగుతున్నరు, బ్రౌజర్ల కూడ.

సరే, ఏది పెట్టుకోవాలె? నీ పనికి సిటిల్ (scittle). దాని లోపల ఎస్‌సీఐ అని చిన్న క్లోజర్ ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ని కంపైల్ చేయకుండ నేరుగ నడిపేది) ఉంటది, రాసింది మిఖీల్ బోర్కెంట్, బాబాష్కా అనే క్లోజర్ స్క్రిప్టింగ్ టూల్ చేసిన ఆయననే. క్లోజర్ అంటే రిచ్ హిక్కీ 2007ల బయటకి తెచ్చిన లిస్ప్, 2011ల దాని బ్రౌజర్ రూపం క్లోజర్‌స్క్రిప్ట్ వచ్చింది. మామూలుగ క్లోజర్‌స్క్రిప్ట్ అంటే జావా కావాలె, కంపైలర్ కావాలె, నీ 4 జీబీ లాప్‌టాప్ అది లేసే లోపల చాయ్ తాగి రావొచ్చు. సిటిల్‌కి అవేం వద్దు, ఒక్క జావాస్క్రిప్ట్ ఫైల్ చాలు.

చేసే పద్ధతి గిట్ల. నోట్‌ప్యాడ్‌ల ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్ చెయ్. అండ్ల ఒక స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి సిటిల్ ఫైల్‌ని పిలువు. ఆన్‌లైన్ లింక్ ఇచ్చినా నడుస్తది గాని మీ ఊర్ల నెట్ సంగతి నాకు ఎరికే, ఒక్కసారి డౌన్‌లోడ్ చేసుకొని పక్కననే పెట్టుకో, లింకే ఇస్తే వర్షన్ నంబర్‌తోని ఇయ్యి. ఇంకో స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి దాని టైప్ దగ్గర అప్లికేషన్/ఎక్స్-సిటిల్ అని రాయి, నీ లిస్ప్ కోడ్ అండ్ల రాయి. ఫైల్ మీద డబుల్ క్లిక్ చెయ్, నడుస్తది. ల్యాబ్‌ల కూడ గంతే, పెన్‌డ్రైవ్‌ల పట్కపో. ఒకటి జాగ్రత్త, లిస్ప్ కోడ్‌ని వేరే ఫైల్ల పెట్టి పిలిస్తే డబుల్ క్లిక్ పద్ధతిల నడువది, పక్కనున్న జావాస్క్రిప్ట్ ఫైల్ అయితే బ్రౌజర్ తీసుకుంటది గాని, డిస్క్ మీది పేజీ నుంచి వేరే రకం ఫైల్ చదువుకోనికి ఒప్పుకోదు. అప్పుడు లోకల్ సర్వర్ కావాలె, పైథాన్ ఉంటే దాంతోనే ఒక్క లైన్ల ఫోల్డర్‌ని సర్వ్ చేయొచ్చు. మొదట్ల మాత్రం ఆ బాధ వద్దు, మొత్తం ఒక్క ఫైల్లనే ఉంచు.

ఇప్పుడు రెప్ల్. పేజీల ఒక టెక్స్ట్ ఏరియా, ఒక బటన్, జవాబు చూపించనికి ఒక ఖాళీ డబ్బా పెట్టు. బటన్ కొడితే టెక్స్ట్ ఏరియాల ఉన్నదాన్ని సిటిల్ వాళ్ల ఇవాల్-స్ట్రింగ్ ఫంక్షన్‌కి ఇయ్యాలె, అది అన్ని వరుసగ నడిపి చివరి దాని విలువ ఇస్తది. ఆ విలువని నేరుగ చూపిస్తే ఏందో అర్థం కాని ఆబ్జెక్ట్ కనిపిస్తది, కాబట్టి పీఆర్-ఎస్‌టీఆర్ తోని స్ట్రింగ్ చేసి చూపియ్యి. ఈ బటన్ ఫంక్షన్ కూడ లిస్ప్‌లనే రాసుకో, పది లైన్లు కూడ కాదు. ట్రై-క్యాచ్ పెట్టు, లేకపోతే తప్పు వచ్చినప్పుడు ఎర్రర్ కన్సోల్లకి పోతది, నువ్వు బటన్ పని చేస్తలేదు అనుకుంటవ్. ఇంకొంచెం ఓపిక ఉంటే కంట్రోల్ ఎంటర్ కొడితే సెలెక్ట్ చేసిన ముక్క మాత్రమే నడిచేటట్టు చేసుకో, టెక్స్ట్ ఏరియాని అడిగితే సెలెక్షన్ ఎక్కడ మొదలైంది ఎక్కడ అయిపోయింది చెప్తది. రెప్ల్‌తోని పని చేసేటోళ్లందరు చేసేది ఇదే, మొత్తం ఫైల్ ఎవ్వరు మళ్ల మళ్ల నడపరు, చిన్న ముక్క మార్చి ఆ ముక్కనే పంపిస్తరు.

డిజైన్‌కి వద్దాం. కింద కోడ్ తెలుగు అక్షరాలల్ల రాస్తున్న చదవనికి అలకగ ఉంటదని, డెఫ్, రివర్స్, మ్యాప్ అసొంటివి నువ్వు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తోనే కొట్టాలె. నువ్వు పెట్టుకునే పేర్లు మాత్రం నిజంగనే తెలుగుల పెట్టొచ్చు, సిటిల్ ఏమనదు, వరుస అని పెట్టు గళ్లు అని పెట్టు నీ ఇష్టం. గ్రాఫ్ పేపర్ల ఒక అడ్డ వరుస అంటే అంకెల లిస్ట్. తేలియా రుమాల్ లెక్క మూడు రంగులే అనుకో, 0 తెలుపు, 1 ఎరుపు, 2 నలుపు.

(డెఫ్ వరుస [0 0 1 2])
(కాన్‌క్యాట్ వరుస (రివర్స్ వరుస))

రెండో లైన్ కొడితే (0 0 1 2 2 1 0 0) వస్తది. సగం గీస్తే మిగతా సగం అదే వచ్చింది. నడుమ 2 రెండుసార్లు వద్దనుకుంటే,

(కాన్‌క్యాట్ వరుస (రెస్ట్ (రివర్స్ వరుస)))

ఇప్పుడు (0 0 1 2 1 0 0). దీనికి అద్దం అని పేరు పెట్టి ఫంక్షన్ చేసుకుంటే, (మ్యాప్ అద్దం గళ్లు) అంటే అన్ని వరుసలు ఎడమ కుడి సమానం అయితయ్, (అద్దం గళ్లు) అంటే అదే ఫంక్షన్ పైకి కిందికి పని చేస్తది, ఎందుకంటే గళ్లు కూడ ఒక లిస్టే, అండ్ల అంకెల జాగాల వరుసలున్నయ్ గంతే. రెండు కలిపితే పావు భాగం గీసి పూర్తి డిజైన్ చూడొచ్చు. మీ నాయినకి ఇది చూపియ్యి ముందుగాల, లిస్ప్ గురించి ఏం చెప్పకు.

తర్వాత చేయాల్సిన అసలు మజా ఇంకోటి ఉంది. చిటికి కట్టి (రంగు అంటొద్దన్న కాడ బిగించి కట్టి) రంగేసిన దారం మగ్గం మీదకి వచ్చేసరికి జర అటు ఇటు జరుగుతది, అందుకే ఇక్కత్ అంచులు గీత గీసినట్టు ఉండయ్, ఈకలు ఈకలుగ ఉంటయ్. గ్రాఫ్ పేపర్ మీద ఆ సంగతి తెల్వది, బట్ట నేసినంకనే తెలుస్తది. కంప్యూటర్ల అయితే ప్రతి దారాన్ని ఒక గడి అటో ఇటో జరిపి చూడొచ్చు, (డెక్ (రాండ్-ఇంట్ 3)) అంటే -1, 0, 1 లల్ల ఏదో ఒకటి వస్తది, వరుసని అంత జరుపు. గడిని ఇంకా చిన్నగ చీల్చి జరిపితే బట్టకి ఇంకా దగ్గర కనిపిస్తది. పడుగుకి వేరే, పేకకి వేరే జరపాలె, మీది రెండు దిక్కుల చిటికి కట్టే పని కాబట్టి రెండు కావాలె. ఎంత జరపాలన్నది ఎవ్వరు చెప్పలేరు, మీ నాయిన పక్కన కూసుంటే నువ్వు దాని జాగాల (- (రాండ్-ఇంట్ 5) 2) పెట్టి కంట్రోల్ ఎంటర్ కొట్టు, ఆయన "గంత కాదు" అంటడు, మళ్ల తగ్గియ్యి. గిసొంటి పనికి కంపైల్ చేసి, రిఫ్రెష్ చేసి, మళ్ల డిజైన్ లోడ్ చేసి చూపెట్టుడంటే ఆయన లేసి పోతడు.

గీసుడు మాత్రం క్యాన్వాస్ మీద గీయి. ప్రతి గడికి ఒక హెచ్‌టీఎంఎల్ డబ్బా పెట్టకు, 200 బై 200 అంటే 40,000 డబ్బాలు, నీ లాప్‌టాప్ మూలుగుతది. క్యాన్వాస్ అయితే ఫిల్-రెక్ట్ అని 40,000 సార్లు పిలిచినా మోస్తది. సిటిల్ ఇంటర్‌ప్రెటర్ కాబట్టి కంపైల్ అయిన దానికన్న నెమ్మదే, గాని ఈ సైజుకి సరిపోతది. యానిమేషన్ గిట్ల పెట్టాలంటే మాత్రం ఆలోచించాలె.

ఇగ తన్నుకునే జాగలు. అందరు తన్నుకునే మొదటిది మ్యాప్. గీసే ఫంక్షన్‌ని (మ్యాప్ గీయి గళ్లు) అని రెప్ల్‌ల కొడితే బొమ్మ వస్తది, అదే లైన్ తీసుకపోయి బటన్ ఫంక్షన్ల పెడితే ఏం రాదు, ఎర్రర్ కూడ రాదు! క్లోజర్‌ల మ్యాప్ బద్ధకపుది, జవాబు ఎవరన్న అడిగితేనే పని చేస్తది. రెప్ల్‌ల జవాబు ప్రింట్ చేయాలె కాబట్టి అడిగినట్టయింది, బటన్ దగ్గర ఎవ్వరు అడగలే. గీసుడు అసొంటి పనులకి డూ-సెక్ గాని రన్ గాని వాడు, రన్ పేరు చివర ఆశ్చర్యార్థకం ఉంటది చూసుకో. ఇదే బద్ధకం ఇంకో దిక్కు నుంచి కూడ కొడుతది, (రేంజ్) అని ఉత్తగ కొడితే అది అంతులేని లిస్ట్, ప్రింట్ చేయబోయి ట్యాబ్ బిగుసుకపోతది. (టేక్ 20 (రేంజ్)) అను.

ట్యాబ్ బిగుసుకునుడు గురించి ఇంకో మాట. బ్రౌజర్ పేజీకి ఒక్కటే థ్రెడ్, నీ లిస్ప్ కోడ్, స్క్రీన్ గీసుడు, బటన్ క్లిక్ అన్ని దాని మీదనే. అంతులేని లూప్ పడ్డదంటే దాన్ని ఆపే బటన్ కూడ పని చెయ్యది. కోడ్‌ని బయట సేవ్ చేసుకుంట ఉండు, టెక్స్ట్ ఏరియాని నమ్ముకోకు. వెబ్ వర్కర్ల, అంటే పేజీ వెనక విడిగ నడిచే ఇంకో థ్రెడ్‌ల, నడిపితే ఆపొచ్చు గాని వర్కర్‌కి పేజీ ముట్టుకునే వీలు ఉండది, పేజీ లోపల ఉండుడే కావాలని గదా మనం మొదలు పెట్టింది, అందుకని నేనైతే వర్కర్ జోలికి పోవద్దంట.

రెండోది, డిజైన్ని ఒక ఆటమ్‌ల (మారే విలువని పెట్టుకునే క్లోజర్ డబ్బాల) పెట్టుకుంటవ్ గదా, దాన్ని డెఫ్ తోని కాదు డెఫ్-వన్స్ తోని పెట్టు. లేకపోతే ఫైల్ మొత్తం మళ్ల నడిపినప్పుడల్ల అప్పటిదాక నింపిన గళ్లు సున్నా అయితయ్, ఇంట్ల లొల్లి అయితది. ఇట్లనే యాడ్-ఈవెంట్-లిజనర్‌ని రెప్ల్ నుంచి రెండుసార్లు నడిపితే ఇద్దరు లిజనర్లు కూసుంటరు, ఒక్క క్లిక్‌కి గడి రంగు రెండుసార్లు మారుతది, ఎందుకో అర్థం కాక తల పట్టుకుంటవ్. క్యాన్వాస్‌కి ఆన్‌క్లిక్ ప్రాపర్టీ పెట్టు, మళ్ల నడిపితే పాతది పోయి కొత్తది వస్తది. ఇంకా మంచిగ అంటే ఫంక్షన్‌ని నేరుగ ఇయ్యకుండ, దాన్ని పేరుతోని పిలిచే ఇంకో చిన్న ఫంక్షన్‌ల చుట్టి ఇయ్యి, అప్పుడు లిజనర్ దగ్గర అసలు ఫంక్షన్ కాదు ఆ పేరు ఉంటది, క్లిక్ అయినప్పుడు ఆ పేరు వెనక అప్పుడు ఏది ఉంటే అది నడుస్తది. ఫంక్షన్ మార్చి కొట్టినవనుకో, లిజనర్‌ని ముట్టుకోకుండనే కొత్తది అందుకుంటది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే నడుస్తున్న ప్రోగ్రాంని మార్చుడు సగం వచ్చినట్టే.

లెక్కలు. బ్రౌజర్ల అంకె అంటే జావాస్క్రిప్ట్ అంకెనే. (/ 1000 7) అని జావా మీది క్లోజర్‌ల కొడితే 1000/7 అని భిన్నం లెక్కనే ఉంచుతది, సిటిల్‌ల 142.857 అని సాగుతది. 1000 దారాలని 7 పువ్వులకి పంచాలంటే (క్వాట్ 1000 7) 142, (రెమ్ 1000 7) 6, మిగిలిన 6 దారాలు ఎక్కడ వేయాలన్నది మీ నాయినని అడుగు. 9007199254740992 దాటిన పూర్ణాంకాలని కూడ నమ్మొద్దు, గాని చీరల అన్ని దారాలు ఎట్లయినా ఉండయ్. తెలుగు స్ట్రింగ్‌లు కూడ చూసుకో, (కౌంట్ "నల్గొండ") అంటే 7 వస్తది, పొల్లు, గుణింతం గుర్తు, సున్న అన్ని వేరే వేరే లెక్కపెడుతది. చీర కొంగు మీద పేరు గళ్లల్ల వేయాలనుకుంటే ఒక్కో అక్షరం ఒక్కో చోట అనుకొని మోసపోకు.

వేరే లిస్ప్‌లు ఎందుకు వద్దన్ననో కూడ చెప్పాలె. స్కీమ్ నేర్చుకోవాలనుంటే బివాస్కీమ్ మంచిది, అది తన సొంత స్టాక్ మీద నడుస్తది కాబట్టి టెయిల్ కాల్ (ఫంక్షన్ తన చివరి పనిగ చేసే పిలుపు) ఎంత లోతుకి తన్ను తాను పిలుచుకున్నా కూలదు. ఇది చిన్న ముచ్చట కాదు, 2015 జావాస్క్రిప్ట్ ప్రమాణంల టెయిల్ కాల్ రాసిన్రు గాని సఫారీ తప్ప పెద్ద బ్రౌజర్ ఏదీ పెట్టలే, క్లోజర్ పుట్టిన జావా మెషిన్ల కూడ అది లేదు, అందుకే క్లోజర్ల రికర్ అని విడిగ రాయాల్సి వస్తది. లిప్స్ అని ఇంకో స్కీమ్ ఉంది, నెట్ నుంచి డేటా తెచ్చేటప్పుడు ప్రామిస్‌ల (తర్వాత వచ్చే జవాబుల) కోసం అదే ఆగుతది, భిన్నాలు కూడ ఉన్నయ్. కామన్ లిస్పే కావాలె అంటే జేఎస్‌సీఎల్, అది జావాస్క్రిప్ట్‌కి కంపైల్ చేసి ఇవాల్ చేస్తది, ప్రమాణం మొత్తం ఆశించకు. హూట్ అనేది స్ప్రైట్లీ అనే సంస్థ వాళ్లది, గైల్ అనే స్కీమ్ రకాన్ని వెబ్ అసెంబ్లీకి (బ్రౌజర్ నేరుగ నడిపే బైట్‌కోడ్‌కి) మారుస్తది. ముందుగాల వెబ్ అసెంబ్లీల లిస్ప్ అంటే గార్బేజ్ కలెక్టర్‌ని (వాడని మెమరీని ఊడ్చేదాన్ని) కూడ మూటగట్టి మోసుకపోవాల్సి వచ్చేది, 2023 చివర్ల క్రోమ్ 119, ఫైర్‌ఫాక్స్ 120 నుంచి బ్రౌజర్ కలెక్టర్‌నే వాడుకునే వీలొచ్చింది. ముందు ముందు గట్టిది అదే అవుతది అని నా అంచనా, గాని దానికి నీ మెషిన్ల గైల్ సెటప్ కావాలె, ల్యాబ్‌ల ఎట్లా కుదరది.

పెద్ద ప్రాజెక్ట్ అయినప్పుడు షాడో-సీఎల్‌జేఎస్ అనే క్లోజర్‌స్క్రిప్ట్ కంపైల్ చేసే టూల్‌కి పో. అప్పుడు కంపైలర్ నీ లాప్‌టాప్‌ల ఉంటది, ఎడిటర్ల కొట్టిన ముక్క జావాస్క్రిప్ట్ అయ్యి వెబ్ సాకెట్ మీంచి బ్రౌజర్‌కి పోయి నడిచి జవాబు వాపస్ వస్తది. సిటిల్‌ల రాసిన కోడ్ చానా మటుకు అట్లనే పనికొస్తది, మొదటి నుంచి రాసుకోవాల్సిన పని లేదు. అప్పటికి ఇంకో 4 జీబీ ర్యామ్ ఏయించుకో.

ఎవరన్న వాట్సాప్‌ల పంపిన కోడ్‌ని చదవకుండ నీ రెప్ల్‌ల కొట్టకు, పేజీల ఉన్నదంత దానికి అందుతది. డిజైన్లు అయితే పంపించుకోవచ్చు, ఆటమ్ల ఉన్నదాన్ని పీఆర్-ఎస్‌టీఆర్ చేస్తే ఉత్త టెక్స్ట్, అవతలోడు రీడ్-స్ట్రింగ్ తోని మళ్ల గళ్లు చేసుకుంటడు, అంకెలు బ్రాకెట్లే కాబట్టి వాట్సాప్ కూడ ఏం కరాబ్ చెయ్యది. కోడ్ పంపితే మాత్రం పేరుకి ముందు వెనక * గుర్తులు పెట్టినవి బోల్డ్ అయిపోయి గుర్తులు మాయమైతయ్, కొన్ని ఫోన్ కీబోర్డ్‌లు కోట్‌లని వంకర కోట్‌లు చేస్తయ్, లిస్ప్ వాటిని కోట్‌లు అనుకోదు.

ఫోన్ల అయితదా అన్నవ్. పేజీ నడుస్తది, ఆండ్రాయిడ్ క్రోమ్‌ల ఏం తేడా ఉండది, హోస్టింగ్ కోసం గిట్‌హబ్ పేజెస్ సరిపోతది ఎందుకంటే అంతా స్టాటిక్ ఫైలే. గాని ఫోన్ల లిస్ప్ కొట్టుడు నరకం, ప్రతి బ్రాకెట్‌కి కీబోర్డ్ రెండో పేజీకి పోయి రావాలె. టెక్స్ట్ ఏరియా కింద నాలుగు పెద్ద బటన్లు పెట్టుకో, తెరిచే బ్రాకెట్, మూసే బ్రాకెట్, చతురస్రం తెరుచుడు, మూసుడు, కొడితే కర్సర్ ఉన్న కాడ పడేటట్టు. మీ నాయినకి ఇచ్చే పేజీల టెక్స్ట్ ఏరియానే దాచిపెట్టు, ఆయనకి గడి ముట్టుకుంటే రంగు మారాలె, అద్దం బటన్ ఉండాలె, జరుపుడుకి ఒక స్లైడర్ ఉండాలె, గంతే. ఏమన్న ఇరుక్కుంటే ఎర్రర్ వచ్చిన లైన్ నంబర్‌తోని కింద రాయి, సిటిల్ లైన్, కాలమ్ రెండూ చెప్తది.